నల్లరాయి క్వారీలో దొరికిన పీత

ఈ మధ్య గుణదలలో మా ఇంటికి కొత్త పిల్లలు వస్తున్నారు. జియాలజీ చదివి, మ్యూజియాల్లోనో పరిశోధన సంస్థల్లోనో శిలాజాలు శుభ్రం చేసే ఉద్యోగంలో చేరబోతున్నవాళ్లు. ఎవరో నా పేరు చెబితే వెతుక్కుంటూ వస్తారు. కాఫీ తాగుతూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, మీరు మొత్తం ఎన్ని తీశారు?"

నేను లెక్కపెట్టుకోలేదు. వంట చేసే మనిషి ఇప్పటిదాకా ఎన్ని ఇడ్లీలు దించానా అని లెక్కపెట్టుకుంటుందా? ఏ రోజు బాగా కుదిరాయో, ఏ రోజు రాళ్లలా వచ్చాయో మాత్రం గుర్తుంటుంది. నాకూ అంతే. అందుకే ప్రమోషన్లూ ఫైళ్లూ పక్కనపెట్టి, ఒక పీత కథ చెబుతాను. ఈ పనిలో ఉన్న కష్టం, సరదా, చిరాకు, ఆనందం అన్నీ ఆ ఒక్క పీతలోనే ఉన్నాయి.

రాయి లేని ఊరి మనిషి

నా పేరు సత్యవతి. మాది చల్లపల్లి దగ్గర పల్లె. వరి కోశాక మినుము చల్లే ఇల్లు. మా ఊళ్లో బావి తవ్వినా గులకరాయి తగలదు, అంతా కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు. అలాంటి చోట పుట్టి నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేస్తానంటే మా నాన్న నవ్వారు. "రాయే లేని ఊళ్లో పుట్టి రాళ్ల చదువేంటమ్మా?"

చమురు కంపెనీలో చేరదామనుకున్నాను. కుదరలేదు. విజయవాడలో ఒక కాలేజీ జియాలజీ డిపార్ట్‌మెంటుకి చిన్న మ్యూజియం ఉండేది. అందులో టెక్నికల్ అసిస్టెంటు పోస్టు పడితే, ఏదో ఒక ఏడాది చేద్దామని చేరాను. అక్కడే రిటైరయ్యాను.

నేను చేరిన కొత్తలో నాన్న చూడ్డానికి వచ్చారు. నేను బల్లమీద ఇసుక మూట పెట్టుకుని, దాని మీద ఒక రాతిపలక ఆనించి, సూదితో గీకుతున్నాను. రాతిలో ఆకు అచ్చు ఉంది. ఆయన కాసేపు నిలబడి చూసి, "ఇదేనా ఉద్యోగం? బియ్యంలో రాళ్లేరినట్టుందే" అన్నారు.

"అంతే నాన్నా. ఇక్కడ రాళ్లలో బియ్యం ఏరుతున్నాం."

ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. శిలాజం దొరికాక దాని చుట్టూ అంటుకుపోయిన రాతిని వదిలించాలి. రాయి మెత్తనైతే బ్రష్షు చాలు. రాయి, శిలాజం ఒకే గట్టిదనంతో ఉంటే కష్టం. శిలాజం కంటే రాయి గట్టిదైతే ఇక చూడండి, గుడ్డు పెంకు మీద పోసిన సిమెంటుని, గుడ్డు పగలకుండా ఒలవాలి. మా పీత ఆ మూడో రకం.

మా సారు

మా డిపార్ట్‌మెంటు హెడ్డు విశ్వనాథం గారు. పొడగరి, పెద్ద గొంతు. ఆయన కారిడార్‌లో ఫోన్ మాట్లాడుతుంటే పై అంతస్తులో క్లాసు ఆగేది. ఉన్నదున్నట్టు చెబుతాను, ఆయనకి ఓపిక లేదు. ఆరు కోట్ల ఏళ్లు రాతిలో ఉన్నదాన్ని సాయంత్రానికల్లా బయట చూడాలి ఆయనకి. రాతి మీద సుత్తి ఎత్తారంటే నేను చెయ్యి అడ్డంపెట్టేదాన్ని. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "సత్యవతీ, ఆ సుత్తి నాకందకుండా పెట్టమ్మా" అని ఆయనే చెప్పేవారు.

అయితే నేల చూడ్డంలో ఆయన్ని మించిన కన్ను నేను చూడలేదు. కారు వేగంగా పోతుంటే కిటికీలోంచి రోడ్డు పక్క కోసిన గట్టు చూసి, "ఆపు, ఆపు! ఆ తెల్లచార చూశావా?" అనేవారు. దిగి చూస్తే అక్కడ ఆల్చిప్పలుండేవి. ఇంకో గుణం, కింద పనిచేసేవాళ్లు "వద్దు సార్" అంటే ముందు అరిచేవారు, తర్వాత వినేవారు. అరవనూ అరవక, విననూ వినని పెద్దల్ని చాలామందిని చూశాను. వాళ్లకంటే అరిచి వినేవాళ్లు వెయ్యిరెట్లు నయం. మీకు అలాంటి బాస్ దొరికితే ఆ అరుపుల్ని వానలా అనుకోండి. కాసేపు గొడుగు పట్టుకుంటే చాలు.

"బంగారమా?"

మా సారు సర్వీసులో చివరి ఏడాది అది. వాన వెలిసిన మర్నాడు కాలేజీ వ్యానులో బయల్దేరాం. హనుమాన్ జంక్షన్‌లో ఆగి టీ తాగి, ఏలూరు దాటి, గోదావరి వైపు నల్లరాయి క్వారీలున్న చోటికి. రోడ్లకి కంకర కొట్టే క్వారీలు అవి. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. ఒక లావా పొర గడ్డకట్టాక సముద్రం వచ్చింది, సున్నపుమట్టి పేర్చింది, మళ్లీ లావా వచ్చి దాని మీద పడింది. రెండు నల్లపొరల మధ్య తెల్లటి సున్నపురాయి, రొట్టెల మధ్య వెన్న రాసినట్టు కనిపిస్తుంది. నత్తలూ ఆల్చిప్పలూ ఆ తెల్లపొరలోనే ఉంటాయి.

వెతకడం గురించి ఒక మాట. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు వెతకడం దండగ. ఏటవాలు ఎండలో, వాన కడిగిన రాతి మీద, మెల్లగా నడవాలి. శిలాజం కోసం చూడకూడదు. రాతికి సహజం కాని గీత కోసం చూడాలి. రాయి ఎలాపడితే అలా పగులుతుంది. ప్రాణమున్నది మాత్రం పద్ధతిగా వంగుతుంది, రెండు వైపులా సమానంగా పెరుగుతుంది. కన్నుకి ఆ తేడా అలవాటైతే కాలు దానంతటదే ఆగుతుంది.

నా కాలు ఆగింది గానీ, ఆగిన చోటు బాగాలేదు. రాళ్లని నలిపి కంకర చేసే క్రషర్ దగ్గర టిప్పరు నిలబడి ఉంది. అందులో నల్లరాళ్లతో పాటు తెల్లపొరలో ముద్దలు కూడా పడ్డాయి. టిప్పరు అంచున ఉన్న ఒక ముద్ద, కొబ్బరికాయంత ఉంటుంది, ఒక వైపు పగిలి ఉంది. ఆ పగులులో ఒక గోధుమరంగు వంపు, దాని పక్కనే చిన్న చిన్న బుడిపెల వరస. ఆ బుడిపెలు నాకు తెలుసు. చిన్నప్పుడు మా పంటకాలవల్లో పట్టి, వేళ్లు కరిపించుకున్నదాన్ని.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. టిప్పరు వెనక్కి వెళుతోంది, క్రషర్ నోటి దగ్గరికి.

"ఆపండి! ఆపండయ్యా!" అని అరుస్తూ పరిగెత్తాను. క్రషర్ మోతలో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? అప్పుడు పనికొచ్చింది మా సారు గొంతు. ఆయన ఒక్క కేక వేశారు. టిప్పరు ఆగింది, క్రషర్ దగ్గరున్నవాళ్లు ఆగారు, షెడ్డులో కూర్చున్న క్వారీ యజమాని పుల్లారావు గారు కుర్చీలోంచి లేచి బయటికొచ్చారు.

నేను చీర కుచ్చిళ్లు దోపుకుని టిప్పరు చక్రం మీద కాలుపెట్టి పైకెక్కి, ఆ ముద్దని ఒళ్లోకి తీసుకున్నాను. దింపేవాళ్లు లేక అలాగే పైనే కూర్చున్నాను.

పుల్లారావు గారు కిందనుంచి తలెత్తి అడిగారు. "ఏంటమ్మా అది? బంగారమా?"

"కాదండీ."

"విగ్రహమా? అయితే చెప్పండి, పూజారి గారిని పిలిపిస్తా."

"విగ్రహం కూడా కాదండీ. పీత."

ఆయన మా సారు వైపు చూశారు, మళ్లీ నా వైపు చూశారు. "పీతా? మొన్నాదివారం మా ఆవిడ పీతలు వండిందమ్మా. దానికి ఎవరూ ఇంత కేకలు వెయ్యలేదు."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ముద్దని వదల్లేదు. మా సారు ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, ఈ క్వారీ ఉన్నచోట ఒకప్పుడు సముద్రం ఎలా ఉండేదో, లావా ఎలా వచ్చిందో చేతులు తిప్పుతూ చెప్పారు. పుల్లారావు గారు చివరికి, "అంటే మా క్వారీ సముద్రం అడుగా అండీ?" అన్నారు. ఆ మాట ఆయనకి బాగా నచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు ముద్దకి చుట్టడానికి గోనెసంచి, కట్టడానికి తాడు, దాహానికి కొబ్బరిబోండాలు ఇచ్చి పంపారు.

వ్యానులో విజయవాడ దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. సారు వెనక్కి తిరిగి, "పసిపిల్లలా పట్టుకున్నావేంటమ్మా" అన్నారు. రాయి తెచ్చుకునేటప్పుడు అలాగే పట్టుకోవాలి. మంచి శిలాజాలు సగం నేలలో కాదు, బండిలో పగులుతాయి.

ఆల్చిప్ప చెప్పిన పాఠం

మర్నాడు పొద్దున నేను ల్యాబుకి వెళ్లేసరికి సారు చేతిలో ఆసిడ్ సీసా ఉంది.

"సున్నపురాయే కదమ్మా. ఆసిడ్‌లో వేస్తే రాయంతా కరిగిపోయి పీత తేలుతుంది. సాయంత్రానికి అయిపోతుంది."

అంతకుముందు వేరే రాళ్లతో ఆ పద్ధతి మాకు బాగానే పనిచేసింది. అక్కడ శిలాజం చెకుముకిలాంటి రాయిగా మారింది, చుట్టూ ఉన్నది సున్నం. ఆసిడ్ సున్నాన్ని తిని మిగతాది వదిలింది. ఈ ముద్ద అలాంటిది కాదని నా వేళ్లకి అనిపించింది. లావా వేడికి కాలిందో, లావాలోంచి దిగిన నీళ్లు పట్టిందో, సూది గీస్తే గీత పడటంలేదు. పీత పెంకు మాత్రం సున్నమే.

"సార్, అదే పొరలో తెచ్చిన ఆల్చిప్ప ఒకటుంది. ముందు దాన్ని వేసి చూద్దాం."

"ఒక రోజు దండగ."

"పీత పోతే మొత్తం దండగ సార్."

ఆయన అరిచారు. నేను గొడుగు పట్టుకున్నాను. తర్వాత ఆల్చిప్పని ఆసిడ్‌లో వేశాం. సారు సీసా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బుడగలు వచ్చాయి, ఆగాయి. తీసి చూస్తే రాయి చెక్కుచెదరలేదు. ఆల్చిప్ప ఉన్నచోట ఆల్చిప్ప ఆకారంలో గుంట ఉంది.

ఆయన ఆ గుంటలో వేలుపెట్టి చూసుకున్నారు. తర్వాత ఆసిడ్ సీసాని తీసుకెళ్లి బీరువాలో పెట్టి, తాళం నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు.

మీకు నేను చెప్పగలిగేది ఇదొక్కటే: కొత్త రాయి దగ్గరికి పాత విజయంతో వెళ్లొద్దు. దాని బంధువుని ఎవరినైనా ముందు అడగండి.

పళ్ల డాక్టరు గారు

ఆసిడ్ పనికిరాదు. మా దగ్గరున్న ఉలులు మరీ మొరటు. ఆ సమయంలో నాకు పన్ను నొప్పి పుట్టడం నా అదృష్టం.

వన్‌టౌన్‌లో డాక్టర్ ఖాదర్ గారి క్లినిక్‌కి వెళ్లాను. ఆయన తాతగారు ఇనుప సామాన్ల వ్యాపారి. కొట్టు పైనే మనవడి క్లినిక్. నా నోట్లో డ్రిల్లు పెట్టి ఆయన పనిచేస్తుంటే నా చూపంతా ఆయన చేతి మీదే ఉంది. చిటికెనవేలి పక్క వేలు నా దవడకి ఆనించి, మిగతా చేతిని దాని మీద తిప్పుతున్నారు. నేను కదిలితే ఆ చెయ్యీ నాతోపాటే కదులుతోంది. డ్రిల్లు జారదు.

నోట్లోంచి అది తియ్యగానే, "డాక్టర్ గారూ, మీరు రాతి మీద ఇలా పనిచెయ్యగలరా?" అన్నాను.

మత్తుమందు ఎక్కువైందేమో అన్నట్టు చూశారాయన. పీత గురించి చెప్పాను. మాట సరిగ్గా తిరగడంలేదు, సగం సైగలు. ఆయన వింటూ వింటూ స్టూలు దగ్గరికి లాక్కున్నారు.

"ఆ పేషెంటు కేకలు పెట్టదుగా?"

"పెట్టదండీ."

"మధ్యలో నోరు మూసెయ్యదుగా?"

"ఆరు కోట్ల ఏళ్లుగా తెరవలేదండీ. అదే సమస్య."

"అయితే ఆదివారం వస్తా."

వచ్చారు. పాత డ్రిల్లు ఒకటి, దాని కొనకి బిగించే అరిగిన ముళ్లు డబ్బానిండా తెచ్చారు. నాకు చేతి ఆనుపు నేర్పారు. నేను ఆయనకి రాతి పొర ఎటు విడుతుందో, పెంకుకీ రాయికీ రంగులో తేడా ఎలా పట్టాలో నేర్పాను. ఆదివారాలు ఆయన, మిగతా రోజులు నేను. పెంకు మీద ఎప్పుడూ నేరుగా దాడిచెయ్యకూడదు. పైనున్న రాతిని పలచగా, ఇంకా పలచగా తీసుకుంటూ పోవాలి. ఆఖరి పొర దానంతటదే పక్కులా ఊడి వస్తుంది. ఊడిన వెంటనే అసిటోన్‌లో కరిగించిన పలచటి జిగురు ఒక చుక్క వెయ్యాలి, పెంకు పీల్చుకుంటుంది. మళ్లీ ఆరేదాకా ఆగాలి. ఆగడమే ఈ ఉద్యోగంలో ఎక్కువభాగం. ఆ ఆగేటప్పుడే ఖాదర్ గారు వాళ్ల అమ్మగారు పంపిన సేమ్యా డబ్బా తెరిచేవారు.

వీపు బయటపడింది. అంచున పళ్లలాంటి ముళ్లు, కళ్లుండే గుంటలు రెండూ బయటపడ్డాయి. ఖాదర్ గారు మొదటి కన్ను గుంట శుభ్రం చేసిన రోజు, "అక్కా, ఇది మనల్ని చూస్తోంది" అన్నారు. అంతవరకూ మేడమ్ అనేవారు, ఆరోజు నుంచి అక్కా అనడం మొదలుపెట్టారు.

ఎవరూ కాళ్లు కదపొద్దు

కుడి డెక్క, అదే పీత కరిచే కాలు, పెద్దది. దాని కొన దగ్గర రాయి మరీ మొండికేసింది. నేను సన్న ఉలితో ఒక వైపు తడుతున్నాను, సారు పక్కనే టీగ్లాసు పట్టుకుని నిలబడ్డారు, ఖాదర్ గారు భూతద్దం పట్టుకున్నారు. టక్‌మని చప్పుడు. రాయి ఊడింది. దాంతోపాటు డెక్క కొన కూడా ఊడి ఎగిరిపోయింది.

"ఎవరూ కాళ్లు కదపొద్దు!" అన్నాను. ఇది ఈ వృత్తిలో మొదటి సూత్రం. ముక్క ఎగిరితే దాన్ని పోగొట్టేది ఉలి కాదు, చెప్పు.

ముగ్గురం చెప్పులు విప్పి, ఉన్నచోటే నేలమీద కూర్చున్నాం. తలుపు గడియ పెట్టాం. ఫ్యాను ఆపాం. విజయవాడ ఎండాకాలంలో ఫ్యాను ఆపి, రిటైరు కాబోతున్న ప్రొఫెసరు, పేరున్న డాక్టరు, నేను, మోకాళ్ల మీద పాకుతూ గచ్చంతా అరచేతులతో తడిమాం. బియ్యపుగింజంత ముక్క. బల్లకింద చూశాం, కిటికీ అంచులు చూశాం, ఒకరి జుట్టులో ఒకరం చూశాం. చెమటలు కారిపోతున్నాయి. ప్యూను వచ్చి తలుపు తట్టి, "సార్, ప్రిన్సిపాల్ గారు పిలుస్తున్నారు" అంటే, సారు బల్లకిందనుంచి, "నేను సముద్రంలో ఉన్నానని చెప్పు" అని అరిచారు.

చివరికి అలిసిపోయి సారు కుర్చీలో కూలబడి, చల్లారిన టీ ఒక గుక్క తాగారు. తాగి, మొహం అదోలా పెట్టారు. నోరు మూసుకుని మమ్మల్నిద్దర్నీ మార్చిమార్చి చూశారు. ఖాదర్ గారికి ముందు అర్థమైంది.

"సార్, మింగొద్దు! నోరు తెరవండి. నాకలవాటే."

పళ్ల డాక్టరు గారు మా సారు నాలుక మీదనుంచి డెక్క కొనని పట్టకారుతో తీశారు. కడిగి, ఆరబెట్టి, జిగురుతో దాని చోట అంటించాం. అతుకు ఇవాళ్టికీ భూతద్దం లేకుండా కనిపించదు.

తిరగెయ్యాలా వద్దా

పైభాగం మొత్తం తయారైంది. సారు దానికి అప్పటికే రాజుగారు అని పేరు పెట్టేశారు. "ఆ డెక్క చూడమ్మా, ఆ దర్జా చూడు. మగమహారాజు!" అని వచ్చినవాళ్లందరికీ చూపించేవారు.

నేను దాన్ని తిరగెయ్యాలన్నాను.

"బాగా వచ్చినదాన్ని పాడుచేసుకుంటామా?" అన్నారాయన. ఆయన భయం న్యాయమైనదే. కింద రాయి తీస్తుంటే బరువంతా పైభాగం మీద పడుతుంది. వీపు పగిలితే చేసిన పనంతా పోతుంది. కానీ పీత పొట్టవైపు చూడకుండా అది ఏ జాతో పరిశోధించేవాళ్లు తేల్చలేరు. ఆడదో మగదో కూడా చెప్పలేరు. మా వైపు పీతలు కొనేవాళ్లు ఎవరైనా ముందు తిరగేసి చూస్తారు. పొట్టకింద మడత సన్నగా కోసుగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది.

"సార్, సగం పీతని వదిలేసి మీరు రిటైరవుతారా?" అన్నాను.

ఆ దెబ్బకి ఒప్పుకున్నారు. వీపు మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద ప్లాస్టర్ పోసి గట్టిపడనిచ్చాం. పీత వీపు ఆ అచ్చులో పరుపులో పడుకున్నట్టు కుదిరింది. అప్పుడు తిరగేశాం. నా చేతులు రెండు పక్కలా, ఖాదర్ గారి చేతులు రెండు పక్కలా. సారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

"అయిపోయిందా?"

"అయిపోయింది సార్. చప్పుడేమీ రాలేదు. తిరగండి."

తర్వాత పని కాళ్ల దగ్గరనుంచి మధ్యకి జరిగింది. ఒకరోజు మడత అంచు దొరికింది. అంచు వెంట వెళితే అది సన్నబడలేదు. వెడల్పవుతూ, వెడల్పవుతూ, గుండ్రంగా తిరిగింది.

"సార్, మీ రాజుగారు రాణిగారు" అన్నాను.

ఖాదర్ గారు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. సారు కూడా నవ్వారు గానీ, ఆయన చూపు మడత కింద ఆగింది. అక్కడ చిన్న చిన్న గుండ్రటి గింజలు గుంపుగా ఉన్నాయి. ఆవగింజల కంటే చిన్నవి.

"గుడ్లు!" అన్నారాయన. "సత్యవతీ, గుడ్లు! ఆడపీత, గుడ్లతో సహా!"

ఆయన మొహం నేనెప్పుడూ అంత వెలుగుతూ చూడలేదు. నేను నోరు తెరిచేలోపే కారిడార్‌లోకి వెళ్లి తనకు తెలిసిన పత్రికా విలేకరికి ఫోన్ చేసేశారు. కాలేజీ మొత్తానికి ఆ వార్త ఫోన్ లేకుండానే అందింది.

నాకు మాత్రం ఆ గింజలు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ముద్దకి అవతలి చివరనుంచి మొదట్లో ఊడిన రాతి ముక్కల్ని నేను పారెయ్యలేదు, ఎప్పుడూ పారెయ్యను. పీతకి దూరంగా ఉన్న ముక్కని మైక్రోస్కోప్ కింద పెట్టాను. అవే గింజలు. అదే పరిమాణం, అదే రకంగా ఉల్లిపొరల్లా ఒకదానిమీద ఒకటి. సముద్రపు నీళ్లలో దొర్లిన ఇసుకరవ్వ చుట్టూ సున్నం పేరుకుని తయారైనవి. మడత కింద మాత్రమే ఉండి ఉంటే ఆలోచించవచ్చు. రాతినిండా ఉంటే అవి గుడ్లెలా అవుతాయి?

నిజం చెబుతున్నాను, ఆ రోజు ఈ మాట ఆయనకి చెప్పడం టిప్పరు ఎక్కడం కంటే కష్టమనిపించింది. రిటైర్మెంటు దగ్గరికొచ్చిన మనిషి. సంతోషంగా ఉన్నారు. నేను చెప్పకపోతే చాలాకాలం ఎవరికీ తెలిసేది కాదు. కానీ రాయి మన కోరికకి తగ్గట్టు మారదు. చివరికి ఎవరో ఒకరు అదే ముక్క చూస్తారు.

"సార్, ఒకసారి ఇది చూడండి" అన్నాను.

చూశారు. "ఇది మడత కిందదేనా?"

"కాదు సార్. ముద్దకి అవతలి చివరది."

మైక్రోస్కోప్ మీదనుంచి తల ఎత్తలేదు. అరుస్తారనుకున్నాను. ఖాదర్ గారు నా వైపు చూసి, ఉండండి అన్నట్టు చెయ్యి ఊపారు. సారు మడత కింద గింజలు చూశారు, మళ్లీ ఆ ముక్క చూశారు, మళ్లీ మడత చూశారు. తర్వాత ఫోన్ తీశారు. ఈసారి కారిడార్‌లోకి వెళ్లలేదు. మా ఎదుటే మాట్లాడారు.

"ఆఁ, నేనేనయ్యా విశ్వనాథం. గుడ్లన్నాను చూడు, అవి గుడ్లు కావు. ఇసుక గింజలే. తొందరపడ్డాను... లేదు, లేదు, మా సత్యవతి గారు పట్టుకున్నారు." అవతల విలేకరి ఏదో అన్నాడు. సారు గొంతు మళ్లీ మామూలు స్థాయికి లేచింది. "వార్తేముందంటావేంటయ్యా? మన రోడ్లకి కంకర కొట్టే చోట ఒకప్పుడు సముద్రం ఉంది. అందులో ఆడపీతలు తిరిగాయి. దాని కాళ్లతో సహా ఇక్కడ బల్లమీద ఉంది. అది చాలదా నీకు? వచ్చి చూడు!"

ఫోన్ పెట్టేసి, "టీ తాగుదామా?" అన్నారు. "గ్లాసుమీద మూతపెట్టి."

ఇంత కాలంలో నేను చాలామంది పండితుల్ని చూశాను. తన నోటితో ఊరంతటికీ చెప్పిన మాటని, అదే నోటితో అదే రోజు వెనక్కి తీసుకున్న మనిషిని ఆయన్నే చూశాను. ఆయన ఓపికలేనితనం మీద నేను ముందు రాసినవన్నీ నిజమే. ఈ ఒక్కటి వాటన్నిటి పక్కన పెట్టి తూకం వెయ్యండి.

చూడ్డానికొచ్చినవాళ్లు

విలేకరి వచ్చాడు. వార్త వేశాడు, ఫొటో కూడా వేశాడు. చదువుకున్న నిపుణులు వచ్చి కొలతలు తీసుకుని వెళ్లారు. ఆ పీత ఏ వంశానిదో ఇంకా వాదించుకుంటున్నారు. వాదించుకోనివ్వండి, వాళ్ల పని అది. నా పని అయింది.

మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టడానికి ముందురోజు పుల్లారావు గారు భార్యతో సహా వచ్చారు. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. "మా క్వారీ సముద్రం అడుగు అంటే మా బంధువులెవరూ నమ్మట్లేదండీ, ఫొటో తీసుకుంటా" అన్నారు. పీత పక్కన నిలబడి మా సారు చేత ఫొటో తీయించుకున్నారు. సారు వేలు అడ్డొచ్చి ఫొటో సగం చెడింది. మళ్లీ తీయించుకున్నారు.

ఆయన భార్యకి మాత్రం ఫొటో పట్టలేదు. బల్లకి అవతల నిలబడి, పైట చెంగు చుట్టుకుని, వంగి చాలాసేపు చూశారు. తర్వాత నా వైపు చూసి, "ముట్టుకోవచ్చాండీ?" అని మెల్లగా అడిగారు.

ముట్టుకోకూడదు. మా మ్యూజియంలో మొదటి బోర్డు అదే. నేను సారు వైపు చూశాను, ఆయన పైకప్పు వైపు చూడ్డం మొదలుపెట్టారు.

"ఒక్క వేలు" అన్నాను.

ఆవిడ చూపుడువేలు చాచారు. వీపు అంచునున్న ముళ్ల వరస వెంట, కన్ను గుంట పక్కనుంచి, నెమ్మదిగా పెద్ద డెక్క వైపు తీసుకొచ్చారు. డెక్క తెరుచుకుని ఉంది. వేలు ఆ రెండు కొనల మధ్యకి వచ్చిందో లేదో, ఆవిడ "అమ్మో!" అని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు.

ఆవిడ తన వేలు చూసుకుని, పీతని చూసి, సిగ్గుపడి నవ్వేశారు.

"కరుస్తుందనుకున్నానండీ."